తుపాకీ మడమ కింద అరచెయ్యి

నేను తుపాకులకు చీటీలు రాస్తాను. బహ్రెయిన్‌లో నా డ్యూటీ ఏమిటని అడిగితే ఇంతకంటే సూటిగా చెప్పలేను. ముహర్రక్ వైపు ఒక వేట సామాన్ల షాపు. ముందు గదిలో డేరాలు, బొగ్గు పొయ్యిలు, డేగల కళ్ళకు తొడిగే తోలు టోపీలు ఉంటాయి. వెనక గదిలో, ఇనుప తలుపు అవతల, లైసెన్స్ ఉన్నవాళ్ళు అమ్మడానికి తెచ్చిన పాత వేట తుపాకులు ఉంటాయి. ఒక్కోదానికి దారంతో ఒక అట్ట ముక్క కడతాం. ఆ తుపాకీ పరిస్థితి ఎలా ఉందో దాని మీద నేను ఇంగ్లిష్‌లో రాస్తాను. కింద మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన షాపు యజమాని, అరబీలో రాస్తాడు. మా ఊళ్ళో మాత్రం, శావుకారి కొడుకు దుబాయిల తుపాకులమ్ముతుండట అని చెప్పుకుంటారు. పిల్లనిచ్చినవాళ్ళు ఆ మాట విని కొంతకాలం నాకు ఫోన్ చెయ్యలేదు.

కఫీల్‌కు ఒకటే పట్టింపు. చీటీలో మొదటి వరుస లోపం. అందచందాలు తర్వాత. కొనేవాడు అడగకముందే అది వాడి కంట్లో పడాలి. నాకిది ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకున్నట్టయింది.

ఎందుకంటే నేను పెరిగింది పాత ఇత్తడి సామాన్ల దుకాణంలో. ఎవరైనా బిందె అమ్మడానికి తెస్తే నాన్న దాన్ని అంచు పట్టి, ఒక్క వేలికి వేలాడదీసి, కణుపుతో కొట్టేవాడు. ఎక్కడైనా సన్నని చీలిక ఉంటే ఆ మోత చివర్లో చిన్నగా వణికేది. చీలిక లేకపోయినా నాన్న ముఖం మాత్రం చీలినట్టే పెట్టేవాడు. అదే బిందె అమ్మే రోజున, లోపల అరచెయ్యి ఆనించి పట్టుకుని కొట్టేవాడు. చెయ్యి ఆనితే పగిలినదీ పగలనిదీ ఒకేలా మూగగా పలుకుతాయి. “మందమున్నదమ్మా, గందుకే గట్ల మోగుతది” అనేవాడు. కొన్నవాళ్ళు ఆ మందాన్ని మెచ్చుకుంటూ పోయేవారు.

నాకు రెండు చేతులూ వచ్చాయి. ముఖం కూడా వచ్చింది. “వస్తువు ముట్టుకునేటప్పుడు మొకం జర కిందికి దించు బిడ్డా” అని నాన్న నేర్పిన ముఖం. అది ఇప్పుడు నా ప్రమేయం లేకుండానే దిగుతుంది. టమాటాల దగ్గర దిగుతుంది. స్కూలు మాస్టారు మా పిల్ల బాగా చదువుతోందని చెప్పినా దిగుతుంది.

అరాద్ నుంచి ఆ ముసలాయన వచ్చింది చలికాలంలో, సఖీర్ ఎడారిలో డేరాలు వేసుకునే రోజుల్లో. షాపు నిండా జనం. ఆయన ఎవరినీ తోసుకోకుండా, గళ్ళ దుప్పటిలో చుట్టిన తుపాకీని రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని, తలుపు దగ్గరే నిలబడ్డాడు. తెల్లటి గడ్డం, ఉతికి ఇస్త్రీ చేసిన పొడుగు చొక్కా, దాని మీద పాత ఉన్ని కోటు. చేతిలో పోలీసుల కాగితం. ఇంటి నుంచి మా షాపు దాకా ఆ తుపాకీని తేవచ్చని అందులో ఉంది. వెనక గదిలోకి తీసుకుపోయాం.

డబుల్ బారెల్. ఒకప్పుడు బాగా డబ్బున్నవాళ్ళు కొన్న సరుకు. చూడగానే నా లోపల దీపం వెలిగింది. వెంటనే ముఖం దిగిపోయింది.

ఆయన నా ముఖాన్ని ఇష్టంగా చూశాడు. ఈ దీవిలో ముసలివాళ్ళు మన బజారు హిందీ బాగా మాట్లాడతారు, మధ్య మధ్య అరబీ కలిపి.

“ఏం సేఠ్, నీ ముఖం చూస్తే నా తుపాకీ చచ్చిపోయినట్టుంది.”

“చావలేదు హాజీ. మంచం పట్టింది, అంతే.”

ఆయన నవ్వు కొద్దిగా తగ్గింది. ఎందుకు తగ్గిందో అప్పుడు నాకు తెలియదు. బేరంలో ఒక మెట్టు దిగాడనుకున్నాను.

కర్ర మీద గీతలున్నాయన్నాను. నిజం. గొట్టాల మీద నలుపు వెలిసిపోయిందన్నాను. నిజం. గొట్టం లోపల తుప్పు గుంటలున్నాయన్నాను. ఉన్నాయి గానీ, నేను చెప్పినన్ని లేవు. ఇలాంటివి ఇప్పుడెవరూ అడగడం లేదన్నాను. అది శుద్ధ అబద్ధం.

“దుప్పటి సంగతేంటి?” అన్నాడు ఆయన. “దానిలో ఏ తప్పూ దొరకలేదా?”

“దుప్పటి బాగుంది హాజీ. అది అమ్ముతారా?”

పెద్దగా నవ్వాడు. చాయ్ తెప్పించాం. ఆయన లేచి వెళ్ళిపోతున్నట్టు నటించాడు, నేను పోనిస్తున్నట్టు నటించాను. మాట కుదిరింది. చెయ్యి కలిపాం. నిజం చెప్పాలంటే ఇద్దరం సంతోషంగా ఉన్నాం. పద్ధతి తెలిసినవాడితో బేరమాడి చాలా రోజులైంది.

ఇక చీటీ రాయడానికి ముందు చేసే పరీక్ష మిగిలింది. ఇది మా షాపులో ఏ తుపాకీకైనా తప్పదు. తుపాకీ ఖాళీగా ఉందని ఇద్దరం చూస్తాం. మధ్యలో మడిచి తెరిచి, మందు లేని ఉత్తుత్తి తూటాలు పెడతాం. మూయగానే లోపల సుత్తి వెనక్కి లాగి ఉంటుంది. ఒక చిన్న కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. సేఫ్టీ వేసి, తుపాకీని నిలువుగా పట్టుకుని, భుజానికి ఆనించే చెక్క మడమను నేల మీద పరిచిన రబ్బరు పట్టా మీద ఒకసారి దించుతాం. పెద్ద దెబ్బేమీ కాదు. బియ్యం సంచి దించినంత. ఏమీ కాకూడదు.

టక్ మంది.

తుపాకీ లోపల, చాలా చిన్నగా. నాలుక అంగిట్లో కొట్టినంత చప్పుడు. నా వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంది. సేఫ్టీ వేసే ఉంది. మళ్ళీ మడిచి తెరిచి, మూసి, దించాను. టక్. ఎడమ గొట్టం గట్టిగా ఉంది. కుడి గొట్టం సుత్తి దానంతట అదే పడిపోతోంది. తూటా ఉంటే పేలి ఉండేది.

తలెత్తేసరికి ఆయన గోడను ఆనుకుని ఉన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు వంగిపోయి, చాయ్ కోటు మీద కారుతోంది. చూసుకోలేదు. తర్వాత మెల్లగా ఆ ముఖంలోకి నవ్వు తెచ్చుకున్నాడు.

“ఈ కిటుకు కొత్తగా ఉంది సేఠ్. చెయ్యి కలిపాక కూడా రేటు తగ్గిస్తారా మీరు?”

“రేటు మాట కాదు హాజీ. దీనికి లోపల అరిగిపోయింది. చీటీ మీద రాయాలి.”

“ఇందాక గీతలన్నావు. తుప్పన్నావు. ఎవరూ అడగడం లేదన్నావు. ఇప్పుడు ఇదా?”

“అది వేరు, ఇది వేరు.”

“నీ నోరు అదేగా.”

నాకు తోచిన ఒకే ఒక తెలివైన పని చేశాను. మనం అనుకున్న రేటులో ఒక్క పైసా తగ్గించను, అదే ఇస్తాను, కానీ లోపం మాత్రం నిజమని చెప్పాను. ఆయన కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి. చెడిపోయిన దానికి పూర్తి డబ్బిచ్చే శావుకారును ఆయన తన జన్మలో చూసి ఉండడు. నేనూ చూడలేదు. ఆ క్షణంలో నేను ఆయనకు దొంగలా కాక, అంతకంటే ప్రమాదమైన మనిషిలా కనిపించి ఉంటాను.

“సేఫ్టీ వేసి ఉంటే ఇది పేలదు” అన్నాడు. “నాకు తెలుసు. మా తమ్ముడు కూడా ఇదే చెప్పాడు, దానంతట అదే పేలిందని. అబద్ధం. ఖలాస్.”

దుప్పటి చుట్టబోయాడు. కఫీల్ వచ్చి, ఇప్పుడు వెనక్కి తీసుకుపోవాలంటే ఇంకో కాగితం కావాలని నెమ్మదిగా చెప్పాడు. ఆయన తుపాకీని అక్కడే వదిలేసి, దుప్పటి ఒక్కటే పట్టుకుని వెళ్ళిపోయాడు.

మిగతాది కఫీల్ చెప్పాడు. ముహర్రక్‌లో ఆ వయసువాళ్ళందరికీ తెలిసిన సంగతే. చాలా ఏళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ సముద్రం అవతల ఎడారికి వేటకు పోయారు. అన్న కొడుకు కూడా వెంట ఉన్నాడు, అప్పుడే పెళ్ళి కుదిరినవాడు. తమ్ముడు పికప్ వెనక నుంచి దిగుతూ తుపాకీ మడమను నేలకు ఆనించాడు. పేలింది. ఎదురుగా అన్న కొడుకు. ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా అడగలేదు. ఇంట్లోవాళ్ళే మాట్లాడుకుని మూసేశారు. సేఫ్టీ వేసే ఉందని, ట్రిగ్గర్ ముట్టుకోలేదని తమ్ముడు చెప్పాడు. సేఫ్టీ వేసి ఉంటే ఎలా పేలుతుందని అన్న అడిగాడు. తప్పు చేశానంటే క్షమించేవాణ్ణి, అబద్ధమాడినందుకు మాత్రం క్షమించనని చెప్పి ఇంటి గడప తొక్కనివ్వలేదు. తమ్ముడు రిఫాకు మారిపోయాడు. ఇప్పుడు మంచం మీద ఉన్నాడు. చూడటానికి రమ్మని కబురు పెడుతున్నాడు. అన్న వెళ్ళలేదు. తుపాకీని మాత్రం ఇంట్లోంచి పంపేస్తున్నాడు.

మంచం పట్టింది అన్న నా మాట అప్పుడు గుర్తొచ్చింది.

కఫీల్ ఆ సాయంత్రమే మరలు విప్పి లోపల చూపించాడు. సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. లోపలి సుత్తిని పట్టుకునేది ఆ కొక్కెమే. దాని కొన గుండ్రంగా అరిగి, వాడిన నాణెం అంచులా మెరుస్తోంది. తుప్పు పట్టి పాడైంది కాదు, వాడి వాడి అరిగింది.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. రిఫాలో మా ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే ఇళ్ళ కప్పులు వరుసగా కనిపిస్తాయి. ఆ కప్పుల్లో ఏదో ఒకదాని కింద ఆ తమ్ముడు పడుకుని ఉన్నాడని తెలిశాక అటు చూడబుద్ధి కాలేదు. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ అంతా విన్నది.

“మరి ఆయన నమ్మకపోతె తప్పెవరిదండి? మీరు కొత్తిమీర కట్టనుగూడ గదే మొకం పెట్టుకొని చూస్తరు.”

“ఇది నిజం కదే.”

“నిజమే. నిజానికి మీ తాన వేరే మొకం ఎక్కడున్నది?”

తర్వాత ఆవిడ కుక్కర్ మూతను గట్టు మీద పెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ ఆ వారమంతా గిన్నెలు నెమ్మదిగా పెట్టింది. అప్పటికే ఆ చప్పుడు నాకు అన్నిట్లో వినిపిస్తోంది. కారు తలుపులో, లిఫ్టు మీటలో, పక్క ఫ్లాట్‌లో ఎవరో వేసే గొళ్ళెంలో. ఒకసారి పిల్ల పెన్ను మూత పెడితే కూడా.

ఆయన మళ్ళీ వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. అదే కోటు, చాయ్ మరక అలాగే ఉంది. జనం లేని వేళ చూసుకుని వచ్చాడు. బేరం మాట ఎత్తలేదు. తుపాకీ తెమ్మన్నాడు. ఖాళీగా ఉందని తానే చూసుకున్నాడు, ఉత్తుత్తి తూటాలు తానే పెట్టాడు, సేఫ్టీ తానే వేశాడు. వెనక గదిలో మేం పై అరల కోసం వాడే చెక్క స్టూలు ఉంది. దాని మీద కూర్చున్నాడు. పికప్ వెనక తలుపు ఎత్తు దాదాపు అంతే ఉంటుందని ఆయన కూర్చున్నాక తోచింది.

రెండు వేళ్ళను ట్రిగ్గర్‌కు దూరంగా, నాకూ కఫీల్‌కూ కనిపించేలా చాపాడు. దిగుతూ మడమను నేలకు ఆనించాడు.

టక్.

తుపాకీని తెరిచి మూసి మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. మళ్ళీ దిగాడు. టక్. నేను ఆపబోతే కఫీల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన అలా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. ముసలి మోకాళ్ళు పట్టేస్తుంటే స్టూలు అంచు పట్టుకుని ఎక్కాడు. ఒకసారి సుత్తి పడలేదు. ఆయన ముఖంలో ఆశలాంటిదేదో కనిపించింది, దాన్ని చూడటం కష్టమైంది. ఆ తర్వాతిసారి మళ్ళీ పడింది. అప్పుడు ఆగాడు.

“అప్పుడు కూడా ఇలాగే ఉందా?” నన్నే అడిగాడు, కఫీల్‌ను కాదు.

నాన్న దగ్గర నేర్చుకున్నదంతా నా నోట్లోకి వచ్చి నిలబడింది. ఔనని చెప్పడం ఎంత తేలిక. కానీ మా చీటీ ఈ రోజు పరిస్థితి చెబుతుంది, అంతే. అప్పటి సంగతి చెప్పదు.

“నాకు తెలియదు హాజీ. ఆ తర్వాత దీన్ని ఎప్పుడైనా పేల్చారా?”

“లేదు. ఎవరూ ముట్టుకోలేదు. దుప్పట్లోనే ఉంది.”

“దుప్పట్లో ఉంటే ఇలా అరగదు. అంతవరకే చెప్పగలను.”

ఆయన తుపాకీని నా చేతికిచ్చాడు. తర్వాత చీటీ రాయమన్నాడు. అమ్మడానికి కాదని, రాయమని మాత్రం అన్నాడు. నేను రాశాను. మొదటి వరుస: కుడి గొట్టం కొక్కెం అరిగింది. సేఫ్టీ వేసి ఉన్నా, మడమ నేలకు తగిలితే ట్రిగ్గర్ ముట్టకుండానే పేలుతుంది. రెండో వరుసలో గీతలు, తుప్పు, ఈసారి ఉన్నవి ఉన్నట్టు. కఫీల్ కింద అరబీలో రాశాడు. ఆయన దారం తానే విప్పి, చీటీని కోటు జేబులో పెట్టుకుని, నువ్వు ఉండేది రిఫాలోనేనట కదా అన్నాడు.

ఆయన్ను నా కారులో ఎక్కించుకుని తమ్ముడి ఇంటికి బయలుదేరాను. ఎండ వాలుతోంది. ఊరు దగ్గరపడ్డాక అడిగాడు.

“చీటీల మీద అబద్ధం ఎప్పుడైనా రాశావా?”

“లేదు హాజీ.”

“నోటితో?”

“నోటితో చాలా.”

మొదటి రోజు తర్వాత ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే.

తమ్ముడి కోడలు తలుపు తీసింది. ముసలాయనను గుర్తుపట్టి పక్కకు జరిగింది. నేను గడప దగ్గరే ఆగిపోతానంటే ఆయన నా చొక్కా చెయ్యి పట్టి లోపలికి లాగాడు. గదిలో అత్తరు, మందులు కలిసిన వాసన. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, అన్నకంటే ముసలివాడిలా. అన్న పలకరించలేదు. ఇన్నేళ్ళకు ఏమని పలకరిస్తాడు. చీటీ చేతిలో పెట్టాడు.

తమ్ముడు దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. తిప్పి వెనక వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. తర్వాత అరబీలో ఏదో అన్నాడు. నా షాపు అరబీకి సగమే అందింది. మిగతా సగం నా కోసం హిందీలో చెప్పాడు.

“చాలా ఏళ్ళు నొక్కలేదనే చెప్పాను. ఎవరూ నమ్మకపోయేసరికి, నొక్కానేమో అనుకున్నాను. ఇప్పుడు నాకు గుర్తుంది భాయ్. వేలి కింద ట్రిగ్గర్ చల్లగా తగిలింది. బాగా గుర్తుంది.”

అన్న నేల మీద కూలబడ్డాడు. తమ్ముడి పాదం మీద చెయ్యి వేశాడు. తల ఎత్తలేదు.

“నిజం చెప్పు,” తమ్ముడు నన్నే చూస్తున్నాడు. “నువ్వు అమ్మేవాడివి కదా. ఇది ఉన్నదే రాశావా? మా అన్న రాయించాడా?”

“వల్లా, దేవుడి మీద ఒట్టు, ఉన్నదే రాశాను” అన్నాను. “నా చేత్తో పరీక్ష చేశాను. మీ అన్న కూడా చేశారు. మీరు నొక్కాల్సిన పనే లేదు.”

ప్రతి మాటా నిజం. కానీ చెబుతుండగానే నా గొంతు నాకు వినిపించింది. తియ్యగా, నిలకడగా, ఎక్కడా తడబడకుండా. మందమున్నదమ్మా, గందుకే గట్ల మోగుతది అన్న గొంతు అది. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

తమ్ముడు నా చెయ్యి మెల్లగా తట్టాడు. వస్తువు కొనకుండా వెళ్ళేవాళ్ళు మర్యాదకు తట్టినట్టు.

“బాగా చెప్పావు” అన్నాడు.

తుపాకీని అక్కడికి తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందే దించి చూపిద్దామని మరునాడు కఫీల్‌తో అన్నాను. కఫీల్ ఇంకో కాగితం కోసం అర్జీ పెట్టాడు. అన్న రోజూ ఫోన్ చేసి వచ్చిందా అని అడిగేవాడు. తాను ఇప్పుడు అక్కడే ఉంటున్నానని, తమ్ముడి పక్కనే పడుకుంటున్నానని ఒకసారి చెప్పాడు. చీటీ తలగడ కింద ఉందట. నమ్మాడా అని నేనంటే, అడిగినప్పుడల్లా నవ్వుతున్నాడు అన్నాడు.

కాగితం వచ్చేలోపే తమ్ముడు పోయాడు. ఏది నమ్మి పోయాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ కఫీల్‌కూ తెలియదు.

తుపాకీ ఇంకా మా ఇనుప తలుపు వెనకే ఉంది. ముసలాయన అమ్మొద్దన్నాడు, తిరిగి ఇవ్వొద్దన్నాడు. కఫీల్ అది ఇక పేలకుండా లోపలి ముక్కలు తీసేశాడు. మొదటి చీటీ వెనక్కి రాలేదు కనుక నేను ఇంకోటి రాసి కట్టాను. అవే మాటలు, అదే వరుస.

దాని పక్కదాన్ని తియ్యాలంటే దాన్ని కొద్దిగా జరపాలి. జరిపినప్పుడల్లా మడమ కింద నా అరచెయ్యి ఆనిస్తాను. నాన్న బిందెకు ఆనించినట్టే. దాంట్లో ఏముందని అంత భయం అంటాడు కఫీల్. ఏమీ లేదని నాకూ తెలుసు. నెమ్మదిగా దించి, చెయ్యి లాగేసుకుని, తలుపు మూసేముందు కాసేపు వింటాను.